మా ఆపండి పిన్ని

మా పిన్ని ఎవరినీ పాట పూర్తి చెయ్యనివ్వదు. ఆవిడ గురించి ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇదే. ఆలస్యంగా తెలుసుకున్నవాళ్ళందరూ బాధపడ్డారు. మీరు ఎంత బాగా పాడుతున్నా సరే, ఆఖరి ముక్క నాలుక చివరికి వచ్చి రెక్కలు సర్దుకుని ఎగరబోయే క్షణంలో ఆవిడ అరచెయ్యి గాల్లోకి లేస్తుంది. "ఆపండి!" అంటుంది. అంతే. మీ పాట చూరు నుంచి జారీ జారని వానచుక్కలా అక్కడే వేలాడిపోతుంది. మీరు నోరు తెరుచుకుని నిలబడిపోతారు. ఆవిడకి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండదు.

ఇదేమైనా న్యాయమా? పాపం మా బాబాయి స్నానాలగదిలో కూనిరాగం తీసినా బయటి నుంచి తలుపు దబదబా బాదుతుంది. ఆయన ఒకసారి నా దగ్గర మొరపెట్టుకున్నాడు.

"పెళ్ళయిన కొత్తలో ప్రేమ కొద్దీ ఆపుతోందనుకున్నానమ్మా."

"ఆపడంలో ప్రేమేంటి బాబాయ్?"

"మిగతాది తర్వాత తీరిగ్గా వింటుందేమో అనుకున్నా. ఆ తర్వాత అనేది ఇంతవరకు రాలేదు."

ఫోను మోగితే ఆఖరి స్వరం పలక్కముందే ఎత్తేస్తుంది. లిఫ్టులో వినిపించే వాయిద్యం ముగింపుకొస్తోందని అనుమానం వస్తే మధ్య అంతస్తులోనే దిగిపోయి మిగతా మెట్లు ఆయాసపడుతూ ఎక్కుతుంది. మా అన్నయ్య కొడుకు పుట్టినరోజున కొవ్వొత్తి చుట్టూ చేరి అందరం పాడుతుంటే సరిగ్గా వాడి పేరు దగ్గర "ఆపండి!" అంది. ఊదాలో వద్దో తెలియక వాడు బుగ్గలు ఉబ్బించుకుని అలాగే ఉండిపోయాడు. ఈలోగా కొవ్వొత్తి కరిగి కేకు మీదికి కారింది. కేకు పాడైనందుకు తిట్లు ఎవరికి పడ్డాయంటారా? పాట మొదలుపెట్టినందుకు మాకు.

ఇలాంటి మనిషికి లోకం ఏ పని అప్పగించాలి? తూకాల పనో, తాళాలు బాగుచేసే పనో అప్పగించాలి. మహా అయితే రైళ్ళు ఆపే పని. లోకానికి బొత్తిగా ఇంగితం లేదు కాబట్టి సంగీతం పని అప్పగించింది. అదీ మామూలు సంగీతం కాదు. ఇంకా మాటలు కూడా సరిగా రాని చంటిపిల్లలకి పాటలు నేర్పే టీచర్లకి శిక్షణ ఇవ్వడం మా పిన్ని ఉద్యోగం. ఆ చంటిపిల్లలు ఒక భాష వాళ్ళు కారు. ఒకే తివాచీ మీద ఒకడు ఒక భాషలో ఏడుస్తుంటే పక్కనున్నది ఇంకో భాషలో ఓదారుస్తుంది. అందుకని టీచర్లని కూడా రకరకాల దేశాల నుంచి, రకరకాల పనుల నుంచి ఏరుకొచ్చారు. వాళ్ళలో, నా ఖర్మ కాలి, నేనూ ఉన్నాను.

శిక్షణ జరిగేది చంటిపిల్లల బడి మేడ మీద. పెద్దవాళ్ళ కుర్చీలు అడిగితే "వస్తున్నాయి" అన్నారు. అవి ఎప్పటికీ రాలేదు. పిల్లల కుర్చీల్లోనే కూర్చునేవాళ్ళం. మోకాళ్ళు గడ్డానికి తగులుతుండేవి. గోడల నిండా రంగు చేతిముద్రలు, మూలన చర్మం వదులైన డప్పు, కిటికీలో ఎండ. ఆ ఎండలో కింది గది పిల్లల ఊపిరి కూడా తేలుతున్నట్టుండేది. అంత అందమైన గదిలో రోజంతా వినిపించే ఒకే ఒక్క మాట: ఆపండి.

మొదటి రోజు నేను ఒక జోలపాట పాడాను. చిన్నప్పటి నుంచి సంగీతం నేర్చుకున్న గొంతు నాది. ఊరికే చెప్పడం కాదు, నలుగురూ అన్నమాటే. చివరి పాదంలో ఒక మంచి సంగతి దాచుకున్నాను. పాట ఆ మలుపు దగ్గరికి వచ్చింది.

"ఆపండి!"

"అయ్యో పిన్నీ, అసలు సంగతి చివర్లోనే ఉంది!"

"ఇక్కడ పిన్ని లేదు. మేడం ఉంది."

"మేడం, చివర్లో ఒక సంగతి ఉంది."

"ఆ సంగతి ఇంటికెళ్ళి చూసుకోండి. కూర్చోండి."

సొంత అక్క కూతుర్ని! ఇంట్లో నా జడ పట్టుకుని లాగి "ఏమే" అని పిలిచే మనిషి, నలుగురిలో నన్ను "మీరు" అంటూ ముక్క ముక్కలుగా నరికేసింది.

నా పక్క కుర్చీలో ఓడాయన ఉండేవాడు. ఓడల్లో వంట చేసి, సముద్రం మీద విసుగు పుట్టి, ఒడ్డున చంటిపిల్లల దగ్గర చేరాడు. ఆయనకొచ్చిన పాటలన్నీ తాళ్ళు లాగేటప్పుడు పాడేవి. ఆయన గొంతు ఎత్తితే కిటికీ అద్దాలు వణికేవి. ఆయన్నీ ఆపింది.

"మేడం, ఇది మధ్యలో ఆపే పాట కాదు! తాడు సగంలో వదిలేస్తే మనుషులు నీళ్ళలో పడతారు!"

"ఇక్కడ నీళ్ళు లేవు."

"ఉన్నాయనుకుని పాడాలి మేడం!"

"అయితే ఈదడం కూడా వచ్చనుకోండి. తర్వాత ఎవరు?"

తర్వాత నర్సమ్మ. పురుళ్ళ ఆసుపత్రిలో చాలాకాలం పనిచేసిన మనిషి, దేనికీ బెదరదు. వాళ్ళ వైపు జోలపాటలకి అసలు చివరే ఉండదట. తోక నోట్లో పెట్టుకున్న పాములా గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయట, పిల్ల నిద్రపోతే పాట అయిపోయినట్టు. "నన్నెక్కడ ఆపుతుందో నేనూ చూస్తాను" అని మాకు కన్నుగీటి మొదలుపెట్టింది. పాట తిరిగింది, మళ్ళీ తిరిగింది. ఓడాయన కునుకు తీశాడు. టీ వచ్చింది, చల్లారింది. మా పిన్ని కదలకుండా పిల్లి ఎలక కన్నం దగ్గర కూర్చున్నట్టు కూర్చుంది. చివరికి నర్సమ్మ ఊపిరి పీల్చుకోవడానికి రవ్వంత ఆగింది.

"ఆపండి!"

ఆ రోజు నర్సమ్మ అన్న మాటలు ఆవిడ భాషలో అనడం వల్ల బతికిపోయాం.

"ఎందుకు ఆపుతారు మేడం? కారణం చెప్పండి" అని నేను నిలదీశాను.

"పాటంతా మీరే తినేస్తే పిల్లలకేం మిగులుతుంది?" అంది కళ్ళెర్రజేసి. "చివరి ముద్ద ఉంచండి. వాళ్ళే నోరు తెరుస్తారు."

తెరుస్తారో లేదో చూపిస్తానని మమ్మల్ని కిందికి తీసుకెళ్ళింది. చంటిగదిలో ఒక పాట పాడి చివరి స్వరం ముందు ఆగిపోయింది. తివాచీ మీద ఇంకా ఏ భాషలోనూ మాట్లాడని ఒక పిల్ల, సాక్సు నములుతున్నది కాస్తా తల ఎత్తి, "ఊఁ" అని సరిగ్గా ఆ స్వరం మీద వాలింది. సరే, ఒప్పుకుంటాను, ఒళ్ళు పులకరించింది. కానీ చంటిపిల్లలకి మిగల్చడం వేరు. మా బాబాయి చంటిపిల్లాడా? లిఫ్టు చంటిపిల్లా?

ఇక అవునమ్మ సంగతి చెప్పాలి. ఆవిడ మా అందరి కంటే ఆలస్యంగా, అందరి కంటే దూరం నుంచి వచ్చింది. చంటిగదిలో ముక్కులు తుడవడానికి, బట్టలు మార్చడానికి ఆయాగా చేరింది. మన భాషలో ఒక్క మాటే వచ్చు: అవును. టీ కావాలా? అవును. వద్దా? అవును. ఈ పెట్టె మీదేనా? అవును. ఆ దెబ్బకి ఎవరి పెట్టో మోసుకుంటూ వెళ్ళి, మర్నాడు సిగ్గుపడుతూ తెచ్చి ఇచ్చింది. మొదట్లో ఇంకో నాలుగు మాటలు ప్రయత్నించేదట. కొట్లో, బస్సులో, బడి గుమ్మంలో, ఆవిడ నోరు తెరిస్తే చాలు, ఎవరో ఒకరు నవ్వుతూ సరిదిద్దేవారు. అలా అందరూ దిద్దగా దిద్దగా ఆవిడ దగ్గర మిగిలింది ఆ ఒక్క మాట. పిల్లలకి మాత్రం ఆవిడ ఒడి అంటే పడి చచ్చేంత ఇష్టం. అయితే కొత్తగా ఒక నిబంధన వచ్చింది. చంటిగదిలో పనిచేసేవాళ్ళెవరైనా సరే సంగీత శిక్షణ పాసవ్వాలి, తప్పితే వెళ్ళిపోవాలి. అందుకని ఆవిడ కూడా మా కుర్చీల వరసలో చివర కూర్చునేది. పుస్తకం చదవలేదు, ఆ లిపి రాదు. చెవితోనే వినేది, ఒళ్ళంతా చెవి చేసుకుని.

పరీక్షకి అందరం ఒకే పాట పాడాలి. ఏ భాష పిల్లలైనా ఒకే పాట వింటే ఒకటైపోతారని పైఆఫీసులో ఎవరికో తోచింది. "ఒకటైపోవడానికి వాళ్ళేమన్నా పిండా, ముద్ద చెయ్యడానికి?" అని మా పిన్ని బల్ల గుద్దింది గానీ పైఆఫీసుకి వినపడలేదు. ఆ ఉమ్మడి పాట ఇది:

చిట్టి చెప్పు ఎటెళ్ళింది?
మెట్టు మెట్టూ దిగెళ్ళింది.
అమ్మ చెప్పు కనబడితే
పక్కనొచ్చి ఆగింది.

ఇందులో "ఆగింది" అన్న మాట మా తరగతి గదిలో ఎన్నడూ వినపడలేదని మీకు వేరే చెప్పక్కర్లేదు. "పక్కనొచ్చి" వరకు మేము పాడేవాళ్ళం. ఆ తర్వాత ఆవిడ చెయ్యి లేచేది.

ఒకరోజు నేను చంటిగది ముందు నుంచి వెళ్తున్నాను. లోపల అవునమ్మ గొంతు. నిజంగా గొంతెత్తి పాడుతోంది, అడుగున గులకరాళ్ళు కనపడే నీళ్ళలాంటి గొంతు. గుమ్మంలో నిలబడిపోయాను. "అమ్మ చెప్పు కనబడితే, పక్కనొచ్చి..." అంటూ అరచెయ్యి గాల్లోకి ఎత్తింది. తివాచీ మీది పిల్లలంతా బుల్లి అరచేతులు ఎత్తి, శ్రుతి తప్పకుండా, ముక్తకంఠంతో పాడారు:

"ఆపండి!"

అంటే ఏం జరిగిందో చూశారా? ఆవిడ దృష్టిలో ఆ పాటలో చివరి మాట అదే. రోజూ విన్నది అదే మరి. పైగా తూకానికి కూడా సరిపోయింది. ఆగింది, ఆపండి. తాళం ఎక్కడా తొణకలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మేడెక్కి తలుపు తోసుకుని వెళ్ళాను.

"చూడండి మీ నిర్వాకం! ఆవిడ పిల్లలకి పాట చివర ‘ఆపండి’ అని నేర్పుతోంది!"

పిన్ని డప్పు చర్మం బిగిస్తోంది. తల ఎత్తలేదు.

"శ్రుతిలో ఉందా?"

"శ్రుతి సంగతి కాదు..."

"ఉందా, లేదా?"

"ఉంది."

"మరింకేం? వెళ్ళు."

"పరీక్షలో అక్షరం పొల్లు పోకూడదన్నారు పిన్నీ! ఆవిడకి ఒక్కసారి చెప్తే సరిపోతుంది కదా, నేను చెప్తాను..."

"ఆవిడకి నువ్వు ఒక్క ముక్క చెప్పావంటే ఈ డప్పు నీ నెత్తిన వాయిస్తాను" అంది. ఇంత కోపమెందుకో నాకు అంతుపట్టలేదు.

అక్కడితో ఊరుకుందా? మర్నాటి నుంచి ఆవిడ పిచ్చి ఇంకో మెట్టు ఎక్కింది. ఇదివరకు తనే ఆపేది. ఇప్పుడు మమ్మల్నే అనమనేది. "పక్కనొచ్చి" తర్వాత మేమే చెయ్యెత్తి, శ్రుతిలో "ఆపండి" అని పాడాలట!

"మమ్మల్ని మేమే ఆపుకోవాలా?" అన్నాడు ఓడాయన.

"ఎన్నాళ్ళని నేను ఆపను? నాకూ వయసవుతోంది."

ఓడాయన మీసాలు అదిరాయి. నర్సమ్మ కుర్చీ తన్నబోయి, అది పిల్లల కుర్చీ అని గుర్తొచ్చి, మెల్లిగా పక్కకి జరిపింది.

పరీక్ష రోజు పొద్దున్న పిన్ని మమ్మల్ని మెట్ల దగ్గర వరసగా నిలబెట్టింది. నన్ను అందరికంటే ముందు, అవునమ్మని అందరికంటే చివర. అవునమ్మ చేతులు తుడుచుకోవడానికి లోపలికి వెళ్ళగానే గొంతు తగ్గించి అంది:

"అందరూ చివర ‘ఆపండి’ అనే పాడాలి. పుస్తకంలో ఉన్నది పాడారో, చూసుకోండి."

"పరీక్ష తప్పుతాం మేడం!"

"టీచర్లకి ఇంకోసారి పరీక్ష ఉంటుంది. మంచి గొంతున్నవాళ్ళు, మళ్ళీ పాడుకోండి."

ఇది శిక్షణా, శిక్షా? నేను మాత్రం మనసులో గట్టిగా నిశ్చయించుకున్నాను. ఇవాళ పరీక్ష పెట్టే ఆయన ముందు ఈవిడ నోరెత్తడానికి లేదు. చచ్చినా "ఆగింది" అనే పాడతాను. దాని మీద ఒక సంగతి కూడా వేస్తాను.

పరీక్ష పెట్టే ఆయన నిలువునా ఇస్త్రీ చేసినట్టున్నాడు. పిల్లల కుర్చీలో కూర్చోనని చెప్పి, కిటికీ పక్కన నిలబడి, పాటల పుస్తకం తెరిచి మొదటి పాదం మీద వేలు పెట్టుకున్నాడు. పిల్లలు తివాచీ మీద చేరారు. నేను మొదలుపెట్టాను.

చిట్టి చెప్పు మెట్లు దిగుతోంది. నా గొంతు ఆ పొద్దున్న వెన్నలా ఉంది. "అమ్మ చెప్పు కనబడితే" దగ్గర ఊరికే అలా వరస చివరికి చూశాను. అవునమ్మ నాతో పాటే పెదవులు కదుపుతోంది. నిశ్శబ్దంగా, కళ్ళు మూసుకుని, ఒక్కో మాటనీ గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకుని. చెయ్యి ఒడిలోంచి కొంచెం లేచింది, చివరి మాట కోసం.

అప్పుడు వెలిగింది నాకు. నేను "ఆగింది" అన్నానంటే ఆవిడ పాట తప్పయిపోతుంది. అందరం "ఆపండి" అంటే అది మా బడి పాట. ఒక్కరే అంటే అది తెలియనివాళ్ళు చేసిన పొరపాటు. అంతే తేడా. మూల కూర్చున్న మా పిన్ని వైపు చూశాను. ఆవిడ ఎప్పటిలాగే గోడని తిట్టేలా చూస్తోంది. కానీ ఊపిరి బిగబట్టింది.

"పక్కనొచ్చి..." అన్నాను. చెయ్యెత్తాను. "ఆపండి!"

పరీక్ష ఆయన వేలు పుస్తకం మీద జారింది. "ఏమన్నారు?"

"ఆపండి అన్నానండి."

"ఆగింది అని కదా ఉంది?"

"ఉండొచ్చండి."

మనసులో వెయ్యి దేవుళ్ళకి మొక్కుకుంటూ కూర్చున్నాను. ఓడాయన లేచాడు. కిటికీలు వణికించి, చివర "ఆపండి!" అని గర్జించాడు. ఏ ఆలోచనా లేదు, పుస్తకంలో ఏముందో నిజంగానే మర్చిపోయానని తర్వాత చెప్పాడు. నర్సమ్మ నా మొహం చూసింది, అవునమ్మ మొహం చూసింది. పురుళ్ళ ఆసుపత్రి మనిషి, చెప్పకుండానే అన్నీ కనిపెడుతుంది. తీయగా "ఆపండి" అంది.

పరీక్ష ఆయన ఇస్త్రీ నలిగింది. "మీకు పాట నేర్పిందెవరు? చివరి మాట ఎవరికీ రాదా? ఇలా పాడాలి!" అని తనే గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "చిట్టి చెప్పు..." గొంతు ఫరవాలేదు. మెట్లు దిగాడు. అమ్మ చెప్పు కనబడింది. "పక్కనొచ్చి..."

"ఆపండి!" అన్నారు పిల్లలందరూ, అరచేతులు ఎత్తి.

ఆయన ఆగిపోయాడు. పై అధికారులు కూడా ఎప్పుడూ అంత ఖచ్చితంగా ఆయనకి ఆజ్ఞాపించి ఉండరు. నోరు మాత్రం తెరుచుకునే ఉంది.

మూల నుంచి మా పిన్ని లేచింది. "పుస్తకం ఒకటంటోంది, పిల్లలు ఒకటంటున్నారు. పాట ఎవరి కోసమో వాళ్ళ మాట వినండి. అయినా చెప్పు దానంతటదే ఆగుతుందా? ఎవరో ఒకరు ఆపాలి కదా!"

ఆయన ఆలోచించాడు. పుస్తకం వైపు, పిల్లల వైపు, తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. "అదీ నిజమే" అని గొణిగాడు.

చివరగా అవునమ్మ లేచింది. ఆవిడ పాడింది. "పక్కనొచ్చి..." అని ఆగి, చివరి మాట తను అనకుండా, రెండు చేతులూ చాపి పిల్లలకి వదిలేసింది. వాళ్ళు దాన్ని బంతిలా అందుకున్నారు. పరీక్ష ఆయన పెదవులు కూడా కదిలాయి, నేను చూశాను. మేమందరం పాసయ్యాం. అవునమ్మకి చంటిగది ఉండిపోయింది.

సాయంత్రం మెట్ల మీద పిన్నిని పట్టుకున్నాను.

"ముందే చెప్పొచ్చు కదా పిన్నీ? ఇన్నాళ్ళూ నిన్ను ఎన్ని తిట్టుకున్నాం!"

"చెప్తే ఏం చేసేవాళ్ళు? జాలిపడేవాళ్ళు. ఆవిడకి తెలిసిపోయేది" అంది కసురుతూ. "అందరూ దిద్ది నోరు మూయించాక ఆవిడ గొంతెత్తి అన్న రెండో మాటే అది. దాన్ని కూడా తప్పంటే మళ్ళీ ఒక్క మాట మీదికి వచ్చేస్తుంది. అన్నిటికీ అవును అనే మనిషికి, ఆపండి అనే మాట ఎంత అవసరమో తెలుసా నీకు? దారికడ్డం లే."

కళ్ళు తుడుచుకుంటోందేమోనని వంగి చూశాను. లేదు. మెట్ల మీద ఎవరో వదిలేసిన చెప్పుని కాలితో తంతూ, పిల్లల్ని పెంచడం రాని తల్లిదండ్రుల్ని తిడుతూ దిగిపోయింది.

నేను వేరే బడికి మారి కొన్నేళ్ళయింది. మొన్న ఒక మధ్యాహ్నం ఆ పాత బడికి వెళ్ళాను. చంటిగదిలోంచి కేకలు వినపడ్డాయి. భయపడి పరిగెత్తాను. మా పిన్ని ఒక పిల్లని, అవునమ్మ ఒక పిల్లాడిని ఎత్తుకుని ముఖాముఖీ నిలబడి ఉన్నారు. నిద్రపుచ్చేటప్పుడు పిల్లల్ని ఎటు ఊపాలన్నది తగాదా.

"పక్కకి ఊపాలి! పిల్లలకి ఊయల అలవాటు!"

"మీ పిల్లలకి మేడం! మా వైపు పైకీ కిందికీ ఊపుతాం. అమ్మ నడుస్తుంటే ఎలా ఉంటుందో అలా. పక్కకి ఊపితే వాంతి చేసుకుంటారు!"

"ఎవరు చేసుకుంటారు? నా సర్వీసులో ఒక్కరు చేసుకోలేదు!"

"మీరున్నారని భయపడి మింగేసుంటారు!"

ఇద్దరి మొహాలూ కందగడ్డల్లా ఉన్నాయి. ఒకరు పక్కకి, ఒకరు పైకీ కిందికీ, కోపం కొద్దీ ఊపుతూనే ఉన్నారు. నన్ను తీర్పు చెప్పమని ఇద్దరూ ఒక్కసారే నా వైపు తిరిగారు. నేను పెదవి మీద వేలు పెట్టుకుని చూపించాను. వాళ్ళ భుజాల మీద పిల్లలిద్దరూ ఎప్పుడో నిద్రపోయారు.